మ్యావడీ వార్తలో రెండో సగం ఏదండీ?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మయన్మార్‌లో ఫోన్ మోసాల ముఠాల దగ్గర ఇరుక్కుని తిరిగొచ్చిన కుర్రాళ్ల గురించి రాశారు. విమానం దిగి తలలు వంచుకుని నడుస్తున్న ఫొటో కూడా వేశారు. వార్తంతా చదివితే ఆ పిల్లలు ఎక్కడ ఇరుక్కున్నారన్న దానికి "మయన్మార్‌లోని మైవాడీ ప్రాంతం" అన్న ఒక్క ముక్కే ఉంది. సరే. 2024 ఏప్రిల్‌లో మీ విదేశీ వార్తల పేజీలో అట్టడుగున నాలుగు లైన్ల వార్త ఒకటి వచ్చింది, "తిరుగుబాటుదారుల చేతికి మయావడ్డీ" అని. ఆ కత్తిరింపు నా దగ్గరుంది. ఈ మైవాడీ, ఆ మయావడ్డీ రెండూ ఒకటే ఊరండీ, నేను మ్యావడీ అంటాను. మీ డెస్కులో ఎవరికైనా తట్టిందో లేదో నాకు తెలీదు. అంతకన్నా పెద్ద లోపం ఇంకోటి ఉంది. తిరుగుబాటుదారుల చేతికి వెళ్లిన ఆ ఊరు రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ చేయి మారింది. ఆ సంగతి మీరు వెయ్యలేదు. నేను నెలాఖరు దాకా రోజూ వెతికాను. మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్ స్కోరు వేసి రెండోది వెయ్యకపోతే పాఠకులు ఊరుకుంటారా?

బర్మా గురించి నాకెందుకింత పట్టింపు అంటే, మాది కంచరపాలెం. ఈ చుట్టుపక్కల బర్మా క్యాంపు అన్న పేరు మీకు కొత్తేం కాదు. మా అమ్మ రంగంలో పుట్టింది. ఇప్పటి పిల్లలు రంగం అంటే సినిమా పేరనుకుంటారేమో, మా ఉత్తరాంధ్రలో రంగం అంటే రంగూన్. "రంగం పోయాడు" అంటే డబ్బు సంపాదించడానికి పోయాడని. అమ్మ సంగతి తర్వాత చెప్తాను, ముందు ఊరి సంగతి.

మ్యావడీ మయన్మార్‌కు తూర్పు అంచున, కరెన్ రాష్ట్రంలో ఉంది. దాని పక్కనే మోయి నది. నది అంటే మన గోదావరిని ఊహించుకోకండి, వేసవిలో కొన్నిచోట్ల మోకాలి లోతు నీళ్లలో నడిచి దాటెయ్యొచ్చు. అవతలి ఒడ్డు థాయ్‌లాండ్, ఆ ఒడ్డున ఊరు మేసోట్. రెండింటి మధ్య రెండు వంతెనలు, ఒకటి 1997లో, రెండోది లారీల కోసం 2019లో తెరిచారు. ఏషియన్ హైవే ఒకటో నంబరు ఇక్కడే దేశంలోకి దిగుతుంది. దిగి, డానా కొండలెక్కి, కాకరేక్ మీదుగా రంగూన్ వైపు పోతుంది. థాయ్‌లాండ్ నుంచి నూనె, మందులు, మోటార్ సైకిళ్లు, మిషన్లు, నూడుల్స్ పాకెట్లు ఏవైనా రోడ్డు మీద రావాలంటే ముఖ్యమైన దారి ఇదే. ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా వ్యాపారం ఈ గేటు గుండా జరిగేది.

ఇలాంటి గేటు విలువ ఏంటో నాకు బాగా తెలుసు. నేను ముప్పై రెండేళ్లు లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ గుమస్తాగా పనిచేశాను. హౌరా పోయే చేపల లోడు ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటిందా లేదా అన్నదే మాకు రాత్రంతా టెన్షన్. ఒక్క రాత్రి ఆగిందంటే ఐసు కరుగుతుంది, నీళ్లు కారతాయి, తెల్లారేసరికి పార్టీ ఫోన్లో బూతులు మొదలుపెడతాడు. సరుకు ఎవడిదైనా గానీ, గేటు కర్ర ఎవడి చేతిలో ఉంటే ఆ పూటకు వాడే యజమాని. మ్యావడీలో జరిగిన యుద్ధం ఆ గేటు కర్ర కోసం. దాన్ని మీరు "సాయుధ ఘర్షణ" అంటే ఎవరికేం అర్థమవుతుంది?

ఇక కొట్లాట ఎవరెవరికి? కరెన్లు అనే ఆ ప్రాంతపు జాతివాళ్లు బర్మావాళ్లతో వేరుపడి తుపాకీ పట్టింది 1949లో. అంటే మనకు రిపబ్లిక్ రాకముందు. బర్మాకు 1948 జనవరిలో స్వాతంత్ర్యం వచ్చింది, ఏడాది తిరగగానే కరెన్ నేషనల్ యూనియన్ తిరగబడింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా అది పూర్తిగా ఆరలేదు. మధ్యలో 1994 ఆఖర్లో వాళ్లలో వాళ్లకే చీలిక వచ్చింది. నాయకత్వంలో క్రైస్తవుల పెత్తనం ఎక్కువైందని బౌద్ధ సిపాయిలు కొందరు విడిపోయి సైన్యంతో చేతులు కలిపారు. ఆ దెబ్బకు 1995 జనవరిలో వాళ్ల ముఖ్య స్థావరం మానెర్‌ప్లా పోయింది. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ముప్పై ఏళ్ల తర్వాత మ్యావడీలో ఆట తిప్పిన మనిషి ఆ చీలిన గుంపులోంచి వచ్చినవాడే.

2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం లాక్కుని ఆంగ్ సాన్ సూకీని లోపలేశాక జరిగింది మీరు బాగానే రాశారు. రంగూన్ వీధుల్లో కాల్పులు జరిగాక కాలేజీ పిల్లలు, నర్సులు, బ్యాంకు గుమస్తాలు కొండలెక్కి కరెన్ల దగ్గర తుపాకీ నేర్చుకున్నారు. 2023 అక్టోబర్ 27న ఉత్తరాన చైనా సరిహద్దులో మూడు దళాలు కలిసి ఒక్కసారి మీద పడేసరికి సైన్యానికి ఊపిరాడలేదు. 2024 ఫిబ్రవరిలో బలవంతపు సైనిక సేవ చట్టాన్ని బయటికి తీశారంటే వాళ్ల పరిస్థితి ఎంతవరకు వచ్చిందో ఊహించుకోవచ్చు. తూర్పున కరెన్లకు ఇంతకన్నా మంచి సమయం ఎప్పుడొస్తుంది?

ఏప్రిల్ మొదటి వారంలో మ్యావడీకి పడమర, హైవే మీదున్న తింగన్‌న్యీనాంగ్ అనే చోట సైనికులు, వాళ్ల కుటుంబాలు కలిపి 600 మందికి పైగా లొంగిపోయారు. ఆ ఫొటోలు చూశాను. తుపాకులు కుప్ప పోసి ఉన్నాయి, పక్కన ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని నేల మీద కూర్చున్నారు. బర్మా సైన్యంలో సిపాయి పెళ్లాం పిల్లలు కూడా శిబిరంలోనే ఉంటారు, కాబట్టి శిబిరం పడిపోతే కాపురాలు కూడా పడిపోయినట్టే. ఏప్రిల్ 11 నాటికి ఊరి చివర మిగిలిన 275వ బెటాలియన్ శిబిరం కూడా పోయింది. మీరు నాలుగు లైన్లు వేసింది అప్పుడే.

ఆ బెటాలియన్‌లో మిగిలిన సుమారు 200 మంది ఎక్కడికి పోయారో తెలుసా? రెండో వంతెన కిందకి. ముందు థాయ్‌లాండ్, వెనక కరెన్లు, పైన లారీలు ఆగిపోయిన కాంక్రీటు, కింద వీళ్లు. పది రోజుల దాకా అక్కడే. ఏప్రిల్ 20న కరెన్ దళాలు వాళ్ల మీద విరుచుకుపడితే సైన్యం పైనుంచి విమానాలతో బాంబులు వేసింది. ఆ ఒక్క రోజే దాదాపు 3,000 మంది జనం నది దాటి మేసోట్ వైపు పరిగెత్తారు. ఒక వీడియోలో ఒకావిడ నీళ్లలో నడుస్తూ ఒక చేత్తో పిల్లని, ఇంకో చేత్తో రైస్ కుక్కర్ పట్టుకుని ఉంది. ఏ ఇంట్లో మంటలు రేగినా మన ఆడవాళ్లు కూడా ముందు అదే పట్టుకుంటారేమో. అవతలి ఒడ్డున థాయ్ సిపాయిలు ఇసుక బస్తాల వెనక నుంచుని చూస్తున్నారు. రెండు మూడు రోజులకే థాయ్ ప్రధాని స్రెత్తా తవిసిన్ మేసోట్ వచ్చి చూసి వెళ్లాడు.

ఇక్కడిదాకా చదివితే కరెన్లు గెలిచారని ఎవరైనా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. 23, 24 తేదీలకల్లా కరెన్ దళాలు "తాత్కాలికంగా" వెనక్కి తగ్గాయి, 275వ బెటాలియన్ శిబిరంలో సైన్యం మళ్లీ జెండా ఎగరేసింది. ఎలా?

సా చిట్ తూ అనే మనిషి ఉన్నాడు. సా అంటే కరెన్లలో మన శ్రీ లాంటిది. ఇందాక చెప్పిన 1994 చీలికలోంచి వచ్చి, 2010లో సైన్యం కింద సరిహద్దు కాపలా దళంగా మారిన గుంపుకు నాయకుడు. సైన్యం పని అయిపోతోందని వాసన పట్టి 2024 జనవరిలో "మీ జీతాలు మాకొద్దు" అన్నాడు, మార్చిలో తన దళానికి కరెన్ నేషనల్ ఆర్మీ అని పేరు మార్చుకున్నాడు. ఏప్రిల్‌లో ఊరు పోతుంటే అతని మనుషులు సైన్యం వైపు నిలబడి అడ్డుకోలేదు. కరెన్ల తరఫున కూడా యుద్ధం చెయ్యలేదు. తీరా వంతెన కింద 200 మంది ఇరుక్కున్నాక వాళ్లను కాపాడి, తిరిగి శిబిరానికి చేర్చింది మాత్రం అతని దళమే. సైన్యం జెండా ఎగరేసుకుంది, కానీ వీధుల్లో కాపలా అతని వాళ్లది. ఇటు వాళ్లు గెలిచారా, అటు వాళ్లు గెలిచారా అని జనం కొట్టుకుంటూ ఉంటే గేటు కర్ర మధ్యలో ఉన్నవాడి చేతికి పోయింది. సైన్యం సాయానికని పెద్ద పటాలం బయల్దేరింది, ఆపరేషన్ ఆంగ్ జేయ అని ఒక పాత రాజు పేరు కూడా పెట్టారు, అది డానా కొండల్లో మాటుకాల్పులకు చిక్కుకుని చాలా కాలం ముందుకు కదల్లేకపోయింది. నాకైతే నవ్వొచ్చింది. రాజు పేరు పెడితే మాత్రం ఘాట్ రోడ్డు సాఫీ అవుతుందా?

అతనికి ఆ ఊరితో అంత పనేంటి అంటారేమో. మ్యావడీకి ఉత్తరాన ష్వే కొక్కో, దక్షిణాన కేకే పార్క్, నది పొడవునా ఇలా ప్రహరీ గోడలు కట్టిన ఆవరణలు చాలా. చైనా పెట్టుబడిదారులతో 2017లో మొదలైన ష్వే కొక్కోలో మొదట కాసినోలు అన్నారు, కరోనాలో సరిహద్దు మూసేశాక జూదానికి వచ్చేవాళ్లు లేక ఫోన్ మోసాల ఫ్యాక్టరీలు పెట్టారు. నేల అతని దళం కాపలాలో ఉంటుంది, అద్దె వస్తుంది. బ్రిటన్ 2023 డిసెంబర్‌లో, అమెరికా 2025 మేలో అతని మీద ఆంక్షలు పెట్టింది ఇందుకే. ఊరు కరెన్ యూనియన్‌ది అయితే ఈ ప్రహరీల సంగతి ఏమవుతుందో, పూర్తిగా సైన్యానిది అయితే చైనా ఒత్తిడికి ఏం జరుగుతుందో ఎవరికీ తెలీదు. ఎవరిదీ కాకుండా ఉంటేనే అద్దె ఆగకుండా వస్తుంది. ఇది నా లెక్క, తప్పైతే మీ విదేశీ వ్యవహారాల నిపుణుడు ఎవరైనా సరిదిద్దొచ్చు.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. పేరు రాయను, వాళ్లమ్మ ఒద్దంది. డిప్లొమా చేశాడు. 2024 జనవరిలో ఒక ఏజెంటు బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు అరవై వేలు అన్నాడు. థాయ్‌లాండ్ అప్పటికే మనవాళ్లకు వీసా లేకుండా రానిస్తోంది కాబట్టి టికెట్ కొంటే చాలు. ఎయిర్‌పోర్టులో కారెక్కించారు. ఆఫీసు దగ్గరే అన్నారు. ఏడెనిమిది గంటలు పోయాక వీడు ఫోన్లో మ్యాప్ తెరిస్తే, నీలం చుక్క బ్యాంకాక్ నుంచి దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో ఒక నది ఒడ్డున ఉంది. అప్పుడే ఫోన్ లాక్కున్నారు. రాత్రి పడవలో దాటించారు. "రెండు నిమిషాలు కూడా పట్టలేదు తాతా, మన గెడ్డంత ఉంది" అన్నాడు నాతో. గెడ్డ అంటే మా వైపు వాగు. ఆ గెడ్డ దాటి తిరిగి రావడానికి వాడికి పద్నాలుగు నెలలు పట్టింది.

ఆ ఏప్రిల్‌లో వాడు అక్కడే ఉన్నాడు. యుద్ధం ఎలా ఉండేదిరా అని అడిగాను. ఇల్లు కూలిందనో, పారిపోయామనో చెప్తాడనుకున్నాను. "శబ్దం వచ్చేది. కిటికీ అద్దం జల్లుమనేది. సూపర్‌వైజర్ వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకోమన్నాడు" అన్నాడు. అంతే. ఊళ్లో జనం నదిలో పడి పారిపోతున్న రోజు కూడా వీళ్ల హాల్లో ఒక్క లైటు ఆరలేదు, ఒక్క షిఫ్టు తగ్గలేదు. పదహారు గంటలు అమ్మాయి పేరుతో అమెరికా ముసలాళ్లతో చాటింగ్. టార్గెట్ రాకపోతే గోడ వైపు తిరిగి నుంచోవాలి. యుద్ధం కోసం ఆగినవి లారీలే, ఈ ఫ్యాక్టరీలు కాదు. ఇక్కడ వాళ్లమ్మ మాత్రం టీవీలో మయన్మార్ అన్న మాట వినపడితే చాలు స్టవ్ కట్టేసి వచ్చి కూర్చునేది. మ్యావడీ సంగతి మీ పేపర్లో వస్తుందేమోనని నన్ను చూడమనేది, అప్పట్నుంచే నా కత్తిరింపుల పని.

2025 జనవరిలో ఒక చైనా నటుణ్ని ఇలాగే ఎత్తుకుపోయి, గొడవయ్యి, విడిపించారు. చైనా గట్టిగా అడిగేసరికి ఫిబ్రవరి 5న థాయ్‌లాండ్ సరిహద్దు అవతలికి కరెంటు, ఇంటర్నెట్, డీజిల్ ఆపేసింది. అన్నేళ్లూ పట్టించుకోనివాళ్లు ఒక నటుడితో కదిలారు, అదీ లోకం. సా చిట్ తూ మనుషులే తలుపులు తీసి వేలమందిని బయటికి పంపారు, పంపుతూ ఫొటోలు దిగారు. మార్చిలో మన ఎయిర్‌ఫోర్స్ విమానాలు మేసోట్ వెళ్లి రెండు విడతల్లో 549 మందిని తెచ్చాయి. మా వాడు అందులో వచ్చాడు. అయిపోయిందనుకుంటే అక్టోబర్‌లో సైన్యం కేకే పార్క్ మీద దాడి అంది, మళ్లీ 1,500 మందికి పైగా నది దాటారు, అందులో దాదాపు 500 మంది మనవాళ్లు. మీరు పోయిన వారం వేసిన ఫొటో వాళ్లదే. అంటే మార్చికీ అక్టోబర్‌కీ మధ్య ఇంతమంది ఉన్నారన్నమాట, మిగిలిపోయినవాళ్లో కొత్తగా వెళ్లినవాళ్లో. వెళ్లినవాళ్లు ఏ పేపరు చదివి వెళ్లారో అని నాకు బాధ.

ఆ మధ్యలో ఆగస్టులో సైన్యమే రెండో వంతెన మీద సరుకు రవాణా ఆపేసింది, ఆ డబ్బు సాయుధ దళాలకు పోతోందని. ఏ గేటు కోసం 200 మంది సిపాయిల్ని వంతెన కింద వదిలేశారో, ఆ గేటును తమ చేత్తోనే మూసుకున్నారు. మా ఆఫీసు భాషలో దీన్ని బిల్లు కట్టి లోడు వదిలేసుకోవడం అంటారు.

ఇప్పుడు అమ్మ సంగతి. తాత రంగం రేవులో మూటలు మోసేవాడు. మనవాళ్లను అక్కడ కోరంగీలు అనేవారట, కోరంగి రేవు నుంచి ఓడెక్కేవాళ్లని. 1930 మేలో రేవులో తెలుగు కూలీల సమ్మె మీద మొదలై ఊరంతా పాకిన అల్లర్లలో తాత రెండు రోజులు ఒక గోదాంలో బియ్యం బస్తాల మధ్య దాక్కున్నాడు. అయినా అక్కడే ఉన్నాడు. కదిలింది 1942లో, జపాన్‌వాడు బర్మా మీద పడ్డప్పుడు. అమ్మకు ఎనిమిదేళ్లు. ప్రోమ్ దాకా రైలు, బండి, అక్కడ్నుంచి కొండలు దాటి టాంగప్ దాకా నడక, తర్వాత పడవ, చిట్టగాంగ్. దారిలో కలరాకు అమ్మ తమ్ముడు పోయాడు. ఇంటికి చేరితే ఏప్రిల్‌లో జపాన్‌వాడు విశాఖ మీద కూడా బాంబులేశాడు. "ఎక్కడికెళ్తే అక్కడికొచ్చాడ్రా గుంటా" అనేది.

జపాన్‌వాడు ఎట్నుంచి వచ్చాడమ్మా అంటే "తూరుపు కొండల్లోంచి దిగాడట" అనేది, అంతకన్నా ఆవిడకు తెలీదు. మా కుర్రాడి కోసం మ్యాప్ వెతికినప్పుడు గానీ నాకూ తెలీలేదు. 1942 జనవరిలో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ వైపు నుంచి మ్యావడీ దగ్గరే లోపలికొచ్చింది, కాకరేక్ కనుమ దాటి మౌల్మీన్ పట్టుకుంది, మార్చి 8కి రంగూన్‌లో ఉంది. ఇదే రోడ్డు. అమ్మని తరిమిన దారి మీదే మా వీధి పిల్లాణ్ని అమ్మేశారు. ఆవిడ ఉండి ఉంటే ఏమనేదో.

ఈ రోడ్డుతో మనకు సంబంధం కొత్తగా కూడా ఉంది. మణిపూర్‌లోని మోరే నుంచి మేసోట్ దాకా 1,360 కిలోమీటర్ల త్రిదేశ హైవే అని మన ప్రభుత్వం చెప్తూ వస్తోంది కదా, దానికి మయన్మార్ వైపు ఆ చివర ఉన్న ఊరు మ్యావడీ. మీరు హైవే గురించి బిజినెస్ పేజీలో రాస్తారు, యుద్ధం గురించి విదేశీ పేజీలో, పిల్లల గురించి జిల్లా పేజీలో, క్రైమ్ పేజీలో ఏజెంటు అరెస్టు. నాలుగు పేజీలు నాలుగు డెస్కులు చూసుకుంటాయి కాబోలు, చదివేవాడికి మాత్రం ఇల్లు ఒకటే, పేపరూ ఒకటే.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఒక ఆదివారం అర పేజీ ఇవ్వండి. ఒక మ్యాప్ వెయ్యండి, బ్యాంకాక్ ఎక్కడ, మేసోట్ ఎక్కడ, నది ఎక్కడ, ఆ నది దాటితే ఎవరి రాజ్యం అని. "థాయ్‌లాండ్‌లో ఉద్యోగం" అని ఎవడైనా అంటే ఎయిర్‌పోర్టు నుంచి కారు ఎటు పోతోందో చూసుకోమని ఒక లైను. అక్కడ ఏ జెండా ఎగురుతోందో కాక కాపలా ఎవరిదో కూడా రాయండి, ఏప్రిల్ 24 తర్వాత మీరు రాయాల్సింది అదే. మా వీధి రీడింగ్ రూములో అతికిస్తాను, కాలేజీకి పోయే పిల్లలు అక్కడ ఉద్యోగ ప్రకటనలు చూడ్డానికి వస్తుంటారు.

ఇంకొకటి. ఊరి పేరు మైవాడీయో, మయావడ్డీయో, మ్యావడీయో ఏదో ఒకటి ఖాయం చెయ్యండి. నా కత్తిరింపులు ఇప్పటికి మూడు కవర్లయ్యాయి, ఏ కవర్లో ఏది పెట్టానో నాకే దొరకడం లేదు.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
కంచరపాలెం, విశాఖపట్నం